"చర్చించండి" దగ్గర ఆగిపోయిన ఫైలు

మా ఊరి చెరువు కబ్జా మీద విచారణ చేసి నివేదిక రాయడానికి అధికారులకు 40 రోజులు పట్టింది. ఆ నివేదికలో ఏముందో చూడడానికి నాకు 5 నెలలు పట్టింది. ఆ 5 నెలల్లో నేను చేసిన తప్పులు, నేర్చుకున్న సంగతులు, చివరికి ఫైలులో నా కంటపడినవి రాస్తున్నాను. ఎక్కడో ఒక ఆఫీసులో ఒక ఫైలు కోసం తిరుగుతున్నవాళ్లకు పనికొస్తే చాలు.

మాది ఉత్తర తెలంగాణలో చిన్న ఊరు. నేను మండల కేంద్రంలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. చెరువు కింద మా బాపుకు ఎకరం 20 గుంటల పొలం ఉంది. 2019 ఎండాకాలంలో మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) వైపు శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, రాత్రిపూట టిప్పర్లతో మట్టి పోయడం మొదలైంది. ముందు బాట కోసమన్నారు, తరువాత ఫంక్షన్ హాలన్నారు. పోయిస్తున్నది మా ప్రాంతంలో పెద్ద నాయకుడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ప్రభుత్వాలు మారినా ఆయన మాట చెల్లుబాటు కావడం మాత్రం ఆగలేదు.

2022 జులైలో పడిన వానలు గోదావరి పక్కన ఊళ్లున్నవాళ్లెవరూ మరిచిపోరు. మత్తడి దారి పూడిపోవడంతో మా చెరువు నీళ్లు వెనక్కి తన్ని, ఎన్నడూ మునగని పొలాలు మునిగాయి. నాటు వేసి నెల కూడా కాలేదు. ఆ కోపంతోనే 27 మంది రైతులు సంతకాలు పెట్టి ప్రజావాణిలో కాగితం ఇచ్చారు. అందులో మా బాపుదీ ఒక సంతకం. ఊహించనంత తొందరగా జిల్లా నుంచి ఒక అధికారి వచ్చారు. రెవెన్యూ వాళ్లు, ఇరిగేషన్ వాళ్లు కలిసి సర్వే చేశారు. ముగ్గురు రైతులు వాంగ్మూలం ఇచ్చారు. తరువాత మాకు ఒక కాగితం వచ్చింది: "విచారణ నివేదిక ఉన్నతాధికారులకు సమర్పించబడినది."

అంతే. ఆ తరువాత ఏడాది దాటినా ఏ కబురూ లేదు.

కాగితం బయటికి రాకపోతే ఊళ్లో ఏం జరుగుతుందో నేను అప్పుడు చూశాను. ఖాళీని పుకారు నింపుతుంది. నివేదిక హైదరాబాదు పోయిందన్నారు. చింపేశారన్నారు. అన్నిటికంటే గట్టిగా నిలబడిన మాట ఇంకొకటి: అప్పటి వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) రెండు లక్షలు తీసుకుని కళ్లు మూసుకున్నాడని. 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. ఆ తరువాత ఆయనను వేరే శాఖకు పంపారు, ఊళ్లో లేడు. లేని మనిషి మీద ఎంతయినా అనొచ్చు. నిప్పు లేనిదే పొగ రాదని మా ఇంట్లోనూ అనుకున్నాం. నేనూ నమ్మాను. ఆయన కూతురు నా దగ్గరే చదివేది. ఆ పిల్ల ముఖం చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది నాకు.

2024 మార్చిలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఊరి స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, జిల్లాకు 10. పోస్టాఫీసులో 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ కొని, దరఖాస్తుకు జత చేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. తెల్ల కాగితం మీద ఐదు ప్రశ్నలు రాశాను. చర్య ఎందుకు తీసుకోలేదు? ఎవరు ఆపారు? ఎప్పుడు తీసుకుంటారు? ఇలాంటివే ఐదూ.

నెలకు జవాబు వచ్చింది. నేను అడిగినవి "సమాచారం" కిందికి రావట. చదివి చాలా కోపం వచ్చింది, రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తరువాత చట్టం మొత్తం చదివితే తప్పు నాదేనని తెలిసింది. ఈ చట్టం కింద ఆఫీసులో ఉన్న రికార్డును అడగాలి. ఎందుకు, ఎలా అని నిలదీసే ప్రశ్నలకు సమాచార అధికారి జవాబు చెప్పాల్సిన పని లేదు. మన మనసులో ఉన్న ప్రశ్నకు జవాబు ఏ కాగితంలో ఉంటుందో మనమే ఆలోచించుకుని, ఆ కాగితాన్ని అడగాలి. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే నాకు నెల కలిసొచ్చేది.

రెండో దరఖాస్తు ఏప్రిల్ చివర్లో పెట్టాను. ఈసారి ఇలా అడిగాను: విచారణ అధికారిని నియమించిన ఉత్తర్వు కాపీ. విచారణ నివేదిక, దానికి జతపరచిన పత్రాలతో సహా. నివేదిక అందిన రోజు నుంచి నేటి వరకు నోట్ ఫైలు కాపీ. ఆ మధ్యకాలంలో ఫైలు ఏ హోదాలో ఉన్న అధికారి దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉందో, ఫైలు కదలిక రిజిస్టర్ ప్రకారం. చివరగా, మొత్తం ఫైలును స్వయంగా చూసే అవకాశం. ఎందుకు కావాలో రాయలేదు. సెక్షన్ 6 ప్రకారం కారణం చెప్పాల్సిన అవసరం లేదు.

నోట్ ఫైలు అడగడం ముఖ్యం. నివేదికలో విచారణ అధికారి చెప్పినది ఉంటుంది. ఆ నివేదికను పైవాళ్లు ఏం చేశారన్నది నోట్ ఫైలులోనే ఉంటుంది. పెద్దవాళ్ల మీద విచారణలు నివేదిక దశలో ఆగడం తక్కువ. నివేదిక వచ్చాకే ఆగుతాయి.

అవి పార్లమెంటు ఎన్నికల రోజులు. సిబ్బంది అంతా ఆ పనిలోనే ఉన్నారు. జవాబు రాదనుకున్నాను. కానీ దరఖాస్తు పెట్టిన పది రోజులకే ఒక ఫోన్ వచ్చింది, ఆఫీసు నుంచి కాదు. మా బంధువుల్లో ఒకాయన: "ఎందుకు బిడ్డా మనకు పెద్దోళ్ల జోలి? రేపు ఏదన్నయితే ఎవలు చూస్తరు?" నేను దరఖాస్తు పెట్టినట్టు మా ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంకో వారానికి మా బడి కరస్పాండెంట్ పిలిచి, "మీకు ఇవన్నీ అవసరమా మేడమ్?" అని మెల్లగా అడిగారు. ఆయన మంచివాడే, ఆయనకూ పైనుంచి ఎవరో చెప్పి ఉంటారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మా ఆయన ఒక్కటే అన్నాడు: "ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నువ్వు కూడా పైసలు తీసుకున్నవనే అంటరు." అది నిజం.

28వ రోజున జవాబు వచ్చింది. ఒకటే వాక్యం. సదరు అంశము విచారణలో ఉన్నందున సెక్షన్ 8(1)లోని హెచ్ క్లాజు ప్రకారం సమాచారం ఇవ్వడం సాధ్యపడదని.

ఈ హెచ్ క్లాజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పేరున్నవాళ్ల మీద విచారణ గురించి ఎవరు ఏం అడిగినా ఎక్కువసార్లు ఎదురయ్యే గోడ ఇదే. సమాచారం బయటపెడితే దర్యాప్తుకో, నేరస్థులను పట్టుకోవడానికో, ప్రాసిక్యూషన్‌కో ఆటంకం కలిగేటట్టయితే ఇవ్వక్కరలేదని ఆ క్లాజు చెబుతుంది. అది సబబే. దొంగ ఇంటికి సోదాకు పోయే ముందు రోజు ఆ సంగతి చాటింపు వేయమని ఎవరూ అనరు. కానీ క్లాజులో ఉన్న మాట "ఆటంకం". విచారణ ఉంది అన్నంత మాత్రాన సరిపోదు. ఈ కాగితం ఇస్తే ఆ విచారణ ఎలా దెబ్బతింటుందో చెప్పాలి. భగత్ సింగ్ అనే ఒక మామూలు మనిషి ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖకు ఫిర్యాదు చేసి, దాని మీద విచారణ ఏమైందని అడిగితే ఇవ్వలేదు. ఆ కేసులో ఢిల్లీ హైకోర్టు 2007 డిసెంబరులో ఈ మాటే స్పష్టంగా చెప్పింది. తీర్పు రాసినది జస్టిస్ రవీంద్ర భట్. విచారణ నడుస్తోందన్న ఒక్క కారణంతో నిరాకరించడం కుదరదని, ఎలా ఆటంకమో తగిన కారణాలు చూపాలని, సమాచారం ఇవ్వడమే నియమమని, మినహాయింపులను ఇరుకుగానే చూడాలని. ఆ తీర్పు నాకు నెట్‌లో దొరికింది. ఇంగ్లీషు తీర్పు చదవడం అలవాటు లేదు, మూడు రాత్రులు పట్టింది. ప్రింట్ తీసి గీతలు గీసుకున్నాను.

మొదటి అప్పీలుకు 30 రోజుల గడువు. అదే ఆఫీసులో సమాచార అధికారికి పై అధికారి దగ్గర వేయాలి. ఫీజు లేదు. నాకు వచ్చిన జవాబులో అప్పీలు ఎవరికి చేసుకోవాలో, ఎన్ని రోజుల్లోనో రాయలేదు. తిరస్కరించినప్పుడు కారణంతోపాటు ఆ వివరాలూ ఇవ్వాలని సెక్షన్ 7లోనే ఉంది. దాన్ని అప్పీలులో మొదటి పాయింటుగా రాశాను. రెండోది భగత్ సింగ్ తీర్పు. మూడోది సెక్షన్ 10: ఫైలులో కొంత భాగం ఇవ్వకూడనిదైతే దాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలి. నాలుగోది సెక్షన్ 19(5): నిరాకరించడం సరైనదేనని రుజువు చేయాల్సిన భారం సమాచార అధికారిదే, నాది కాదు. ఐదోది అన్నిటికంటే బలమైనది. అది ఏ తీర్పూ కాదు, 2022లో వాళ్లే మాకు పంపిన కాగితం. "నివేదిక సమర్పించబడినది" అని వాళ్లే రాశారు. సమర్పించాక ఇంకా విచారణ ఎక్కడ మిగిలింది?

ఒక సంగతి నేనే కోరాను. వాంగ్మూలం ఇచ్చిన ముగ్గురు రైతుల పేర్లు, సంతకాలు కొట్టేసి ఇవ్వండి అని. సెక్షన్ 8(1)లో జి క్లాజు ఉన్నది అందుకే, ప్రాణభయం ఉన్నవాళ్లను కాపాడడానికి. పారదర్శకత అంటే చిన్నవాళ్లను పెద్దవాళ్ల ముందు నిలబెట్టడం కాదు. ఆ ముగ్గురిలో ఒకాయన కౌలు రైతు, ఆ నాయకుడి మనుషుల పొలమే చేస్తున్నాడు.

అప్పీలు రాస్తున్నప్పుడు నాకు 2022 మే నెల గుర్తొచ్చింది. దిశ కేసు నిందితులు చనిపోయిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ మీద జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఇచ్చిన నివేదికను సీల్డు కవరులోనే ఉంచాలని ప్రభుత్వం తరఫున అడిగితే, జస్టిస్ ఎన్.వి.రమణ నాయకత్వంలోని సుప్రీంకోర్టు బెంచ్ ఒప్పుకోలేదు. దాచాల్సిందేమీ లేదని, పక్షాలకు కాపీలు ఇవ్వమని చెప్పి, వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకు పంపింది. అంతకు ముందు, ప్రత్యేక తెలంగాణ డిమాండు మీద వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఎనిమిదో అధ్యాయం రహస్యంగా ఉంచితే, 2011లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ ఎల్.నరసింహారెడ్డి దాన్ని తప్పుబట్టిన రోజున మా ఊరి చావడిలో పేపరు చుట్టూ జనం గుమిగూడడం నేను చూశాను. అవన్నీ రాష్ట్రాన్ని కుదిపిన వ్యవహారాలు. మాది ఒక చెరువు, 27 మంది రైతులు. అయినా ప్రశ్న అదే అనిపించింది: ప్రజల డబ్బుతో, ప్రజల ఫిర్యాదు మీద విచారణ చేసి, అందులో తేలినది ప్రజలకే చెప్పకపోతే ఆ విచారణ ఎవరి కోసం?

జులై చివర్లో నా అప్పీలు మీద విచారణకు పిలిచారు. బాపు కూడా వచ్చాడు. ఇస్త్రీ చేసిన ధోవతి కట్టుకుని, ఆ రోజంతా ఏమీ తినలేదు. అప్పీలు అధికారి కొత్తగా వచ్చినావిడ. సమాచార అధికారి, ఫైలు చూసే క్లర్కు పక్కన నిలబడ్డారు. నేను రాసుకున్నది చదవబోతుంటే ఆవిడ ఆపి, సమాచార అధికారిని అడిగారు: "విచారణ ఇంకా జరుగుతోందా?" జరుగుతోందన్నాడాయన. "ఎవరు చేస్తున్నారు?" ఆయన క్లర్కు వైపు చూశాడు. విచారణ చేసిన అధికారి బదిలీ అయి ఏడాది దాటింది, ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. నేను 2022 కాగితం బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివారు. "ఇది ఇస్తే దేనికి ఆటంకం?" అని మళ్లీ అడిగారు. జవాబు లేదు.

అంతా పావుగంటలో అయిపోయింది. వారానికి ఉత్తర్వు వచ్చింది: సాక్షుల వివరాలు తొలగించి, ఫైలు చూపించి, కోరిన పేజీల కాపీలు ఇవ్వాలని. రెండో అప్పీలు కాగితాలు కూడా నేను సిద్ధం చేసి పెట్టుకున్నాను. సమాచార కమిషన్‌కు వేయడానికి 90 రోజుల గడువుంటుంది. అవి నా బీరువాలోనే ఉండిపోయాయి. అందరికీ ఇలా జరగదని తెలుసు. ఆ కుర్చీలో ఆ రోజు వేరే మనిషి ఉంటే నా కథ ఇంకా నడుస్తూ ఉండేదేమో. చట్టం ఒక అధికారి మంచితనం మీద ఆధారపడడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఫైలు చూశాను. మొదటి గంటకు ఫీజు లేదు. ఒక మూల బల్ల, పైన తిరగని ఫ్యాను, ఎదురుగా క్లర్కు. నివేదిక 11 పేజీలు, సర్వే స్కెచ్ వేరే. శిఖంలో 3 ఎకరాల 14 గుంటల మేర మట్టి నింపినట్టు, మత్తడి కాలువ పూడ్చినట్టు స్పష్టంగా రాశారు. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మట్టం) హద్దు రాళ్లలో నాలుగు లేవని రాశారు. పూడిక తీయించాలని, బాధ్యుల మీద చర్య తీసుకోవాలని సిఫారసు చేశారు. మా వాళ్లు ఫిర్యాదులో రాసిన రెండు సర్వే నంబర్లలో ఒకటి మాత్రం నిజంగానే ఆ నాయకుడి పట్టా భూమి అని, అందులో కబ్జా ఏమీ లేదని కూడా రాశారు. ఆ విషయంలో మా ఊరివాళ్లది పొరపాటు. నివేదిక బయట పెట్టి ఉంటే ఆయనకు కూడా ఆ మేరకు న్యాయం జరిగేది.

ఆ తరువాత నోట్ ఫైలు తిప్పాను. కింది నుంచి పైకి నోట్ పెట్టారు, నివేదికను ఆమోదించి నోటీసులు ఇవ్వవచ్చునని. ఒక్కొక్క సంతకం దాటి పైకి వెళ్లింది. 2022 నవంబరులో ఒక చోట ఆకుపచ్చ సిరాతో ఒకటే మాట: "చర్చించండి". కింద పొట్టి సంతకం, తేదీ. ఎవరితో చర్చించాలో, దేని గురించో లేదు. చర్చించినట్టు తరువాత ఎక్కడా లేదు. పేజీ తిప్పితే దాని తరువాత ఉన్న కాగితం 2024 మార్చిలో నేను పంపిన మొదటి దరఖాస్తు. 16 నెలల పాటు ఆ ఫైలులో ఒక్క అక్షరం చేరలేదు. తిరస్కరించలేదు, ఆమోదించలేదు, ఎవరూ తప్పు చేసినట్టు కాగితం మీద కనబడదు. ఆ ఒక్క మాట దగ్గర పెట్టి వదిలేశారు. నేను ఐదు ప్రశ్నలు రాసి పంపిన ఆ పనికిరాని దరఖాస్తే ఫైలును మళ్లీ బల్ల మీదికి తెచ్చిందని అప్పుడు అర్థమైంది.

నా చేతులు వణికింది మాత్రం ఇంకో చోట. నివేదిక వెనక జతపరచిన పత్రాల్లో రెండు ఉత్తరాలున్నాయి. రెండూ మా పాత వీఆర్వో రాసినవే, 2019 ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఒకటి. శిఖంలో రాత్రిపూట మట్టి పోస్తున్నారని, తాను వద్దంటే బెదిరించారని, వెంటనే ఆపించమని పై అధికారులకు రాసుకున్నాడు. రెండో ఉత్తరంలో టిప్పర్ల నంబర్లు కూడా ఇచ్చాడు. విచారణ అధికారి నివేదికలో ఒక వాక్యం రాశారు, కింది ఉద్యోగి సకాలంలో తెలియజేసినా పై స్థాయిలో స్పందన లేదని.

ఇన్నాళ్లూ ఊరంతా దొంగ అన్న మనిషి ఒక్కడే ఆ రోజు తన పని తాను చేశాడు. ఆ సంగతి చెప్పే కాగితం తాళం వేసిన బీరువాలో ఉంది. విచారణను దాచితే పెద్దవాళ్లకు మేలు జరుగుతుందని అందరికీ తెలుసు. ఆ చీకట్లో చిన్న ఉద్యోగి పరువు ఎలా పోతుందో నాకు అంతకు ముందు తట్టలేదు. పెద్దమనిషికి పుకారు తగలదు, ఆయన చుట్టూ జనం ఉంటారు. వీఆర్వో చుట్టూ ఎవరున్నారు?

44 పేజీల కాపీలు తీసుకున్నాను. పేజీకి 2 రూపాయల చొప్పున 88 రూపాయలు. ఆ ఆదివారం చావడి దగ్గర నివేదిక మొత్తం పైకి చదివాను. వీఆర్వో ఉత్తరాలు చదివేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. రెండు లక్షల మాట అందరికంటే ఎక్కువగా చెప్పిన పెద్దాయన లేచి ఇంటికి వెళ్లిపోయాడు.

మరుసటి వారం బాపు, నేను ఆ వీఆర్వో సారు ఇంటికి వెళ్లాం. ఆయన ఇప్పుడు వేరే మండలంలో ఉద్యోగం. ఉత్తరాల కాపీలు ఇచ్చాను. తన చేతిరాతనే చాలాసేపు చూసుకున్నాడు. "ఇవి ఉన్నయని నాకు తెలుసు మేడమ్. నా దగ్గర ఆఫీసు కాపీ లేదు. ఎవలకు చూపియ్యాలె?" అన్నాడు. బాపు ఆయన రెండు చేతులూ పట్టుకుని, "తప్పయింది సారూ" అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను. లోపలి నుంచి ఆయన కూతురు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇప్పుడు నాకు భయం కలిగించేది మరొకటుంది. 2025 నవంబరులో డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1) జె క్లాజు మార్చారు. ఇంతకు ముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా వ్యవహారంతో సంబంధం ఉంటే ఇవ్వాల్సి వచ్చేది, పార్లమెంటుకు ఇవ్వదగినదాన్ని పౌరుడికి కాదనకూడదన్న మాట కూడా ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అయితే చాలు, నిరాకరించొచ్చు. విచారణ నివేదిక అంటేనే ఎవరో ఒక వ్యక్తి గురించి. నా దరఖాస్తు ఈరోజు పెడితే హెచ్ క్లాజు బదులు జె క్లాజు రాసి పంపేవాళ్లేమో. ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే ఇవ్వవచ్చునన్న సెక్షన్ 8(2) ఇంకా ఉంది. అప్పీలు రాసేవాళ్లు దాన్ని వదలకుండా రాయండి.

చెరువు సంగతి అడుగుతారేమో. ఫైలు చూసిన రెండు నెలలకు నోటీసులు వెళ్లాయి. ఆ నాయకుడు కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నారు. అది ఆయన హక్కు, కాదనను. స్టే తొలగించమని ప్రభుత్వం తరఫున కౌంటరు వేశారో లేదో, వేస్తే ఏ తేదీన వేశారో, ఆ కాపీ ఇవ్వమని పోయిన వారం కొత్త దరఖాస్తు పెట్టాను. ఈసారి బాపు పేరు మీద. సంతకం ఆయనే చేశాడు, పోస్టాఫీసుకు కూడా ఆయనే వెళ్లి రసీదు నా చేతికి ఇచ్చాడు.